పాలడబ్బా పాపమా?

పిల్లకి డబ్బాపాలు పట్టడం పాపసంకీర్తనంలో చెప్పుకోవాల్సిన విషయమా? అడిగింది మా ఆవిడ. అల్ ఖువైర్‌లో తను పనిచేసే ఆఫీసులో పాలు పిండి దాచుకోవడానికి గది లేదు, బాత్రూమే గతి. 98 రోజుల ప్రసూతి సెలవు అయిపోయాక పాలు తగ్గాయి, డబ్బా వచ్చింది. గుంటూరు నుంచి వీడియో కాల్‌లో మా అమ్మ, "నీకు రెండేళ్ళు నిండేదాకా నా పాలేరా" అంటుంది నాతో. వినాల్సింది కోడలని ముగ్గురికీ తెలుసు.

మేం కాథలిక్కులం, ఘలాలోని హోలీ స్పిరిట్ చర్చికి పూజకెళ్తాం. అందుకే శ్రీసభ ఏమందో వెతికి చదివాను. బిడ్డకు వీలైతే తల్లే పాలివ్వాలని 1941లో పన్నెండవ పయస్ పాపుగారు చెప్పారు. 1995లో రెండవ జాన్ పాల్ పాపుగారు ఆ మాట గుర్తుచేస్తూనే, తల్లులకు సమయం, సమాచారం, ఆసరా కావాలని కూడా అన్నారు. మన ఇళ్ళల్లో మొదటి సగమే వినిపిస్తుంది. ఆ "వీలైతే" తల్లి ఒక్కదాని చేతిలో ఉందా? మొగుడు, అత్తగారు, మేనేజరు, అందరి చేతుల్లోనూ ఉంది.

ఎవర్ని నిలదీయాలో సిస్టర్లకి బాగా తెలుసు. పేదదేశాల్లో డబ్బా ఖరీదు, నీళ్ళు మంచివి కావు. పొదుపుకోసం పల్చగా కలిపితే పిల్లలు జబ్బుపడేవాళ్ళు. అక్కడ పాలపొడి ఎలా అమ్ముతున్నారో వాటాదారులకు సరిగ్గా చెప్పలేదని, 1976లో అమెరికాలో ప్రెషస్ బ్లడ్ సిస్టర్లు బ్రిస్టల్ మయర్స్ కంపెనీ మీద కోర్టుకెక్కారు. వాళ్ళూ వాటాదారులే మరి! తల్లుల జోలికి మాత్రం పోలేదు. మన దేశమైతే 1992లో చట్టం చేసి పాలడబ్బాల ప్రకటనలనే నిషేధించింది.

వేళాంకణి కథ మీరు వినే ఉంటారు. చేతుల్లో బిడ్డతో మరియమాత కనబడి, పాలు మోసుకెళ్తున్న కుర్రాణ్ణి బిడ్డకోసం పాలడిగిందట. వాడు పోశాడు. "నీ పాలేమయ్యాయమ్మా" అనలేదు. ఈ మాటంటే మా ఆవిడ నవ్వింది, చాన్నాళ్ళకి.

ఒమన్ 2023 కార్మిక చట్టంలో ఆ 98 రోజులే కాదు, సెలవు తర్వాత ఏడాదిపాటు బిడ్డకోసం రోజుకో గంట కూడా ఉంది. అదీ పనిగంటల్లో లెక్కే. ఇద్దరం కూర్చుని హెచ్చార్‌కి మెయిల్ రాశాం, గది సంగతి కూడా కలిపి. రాత్రి రెండింటికి సీసా పట్టడం నా డ్యూటీ. అమ్మ ఆ టాపిక్ ఎత్తితే ఫోన్ నేనే అందుకుంటున్నాను.