రాత్రి రెండింటికి ఎంతమంది మేల్కొని ఉంటారు?

డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ల కోసం హోమ్ చూడబోయినవాళ్లకు మొదట చూపించేది గదులే. పాలరాతి మెట్లు, ఏసీ, ముందు తులసికోట, హాల్లో పెద్ద టీవీ. మీ అమ్మో నాయనో అక్కడ రోజంతా ఎలా గడుపుతారో వీటిని చూస్తే తెలియదు. ఏ గంటకు ఎంతమంది మనుషులు మెలకువగా, వాళ్ల దగ్గరగా ఉంటారో తెలిస్తే చాలావరకు తెలిసిపోతుంది. అది తేల్చుకోవడానికి ఒక కాగితం, పెన్ను, ఎనిమిదో తరగతి లెక్కలు చాలు.

ముందు జబ్బు సంగతి. మెదడు దెబ్బతిని జ్ఞాపకం, ఆలోచన, మాట, దారి గుర్తుపట్టడం, చివరికి మింగడం దాకా ఒక్కొక్కటే తగ్గిపోవడాన్ని డిమెన్షియా అంటారు. అల్జీమర్స్ అందులో ఎక్కువగా కనిపించే రకం. ‘వయసైపోయింది, మతి నిలవడం లేదు’ అని మనం తేలిగ్గా తీసేస్తాం గానీ, 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి ఇది ఉంది. మొత్తం 88 లక్షల మంది. పల్లెల్లో 8.4 శాతం, పట్నాల్లో 5.3. మన హిందూపురాన్నే తీసుకోండి. దాని జనాభా 2011 లెక్కల్లోనే లక్షన్నర. అందులో పదోవంతు 60 దాటినవాళ్లు అనుకుని, పట్నం శాతమే వేసుకున్నా 800 మంది దాకా తేలతారు. ఇంటికి నలుగురు చొప్పున చూస్తే 47 ఇళ్లకు ఒకరు. కాబట్టి ఈ కష్టం మీ ఒక్క ఇంట్లోనే ఉందనుకోకండి.

‘కన్నవాళ్లను హోమ్‌లో పెట్టేశారా?’ అనే మాట ఎవరో ఒకరు అంటారు. వాళ్లకు ఈ లెక్క చెప్పండి. వారానికి 168 గంటలు. డిమెన్షియా ముదిరిన మనిషికి ఆ 168 గంటలూ ఎవరో ఒకరు తోడుండాలి. ఎనిమిది గంటల డ్యూటీ, వారానికి ఒక సెలవు ఇస్తే ఒక్కో ఉద్యోగి పనిచేసేది 48 గంటలు. 168ని 48తో భాగిస్తే మూడున్నర. అంటే ఒక మనిషి పక్కన రాత్రింబవళ్లు ఒకరు ఉండాలంటే మూడున్నర మంది ఉద్యోగులు కావాలి. చాలా ఇళ్లలో ఆ మూడున్నర మంది పనినీ ఒక్క కోడలో, ఒక్క కూతురో చేస్తూ ఉంటుంది. ఆ మాట అన్నవాళ్లు వచ్చి రెండు రాత్రులు కూర్చుంటే బాగుంటుంది. చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం శిక్షించేది పూర్తిగా వదిలించుకోవాలన్న ఉద్దేశంతో ఎక్కడో విడిచిపెట్టినవాళ్లను. దానికి మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఫీజు కట్టి, వెళ్లి చూసి వస్తూ మంచి హోమ్‌లో ఉంచడం ఆ కిందికి రాదు.

‘మన దగ్గర వృద్ధాశ్రమాలు ఉన్నాయి కదా, అక్కడ ఉంచితే పోలేదా?’ అన్నది తర్వాతి సందేహం. అదే 2007 చట్టం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేలా ఆశ్రమాలు పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వాలకు చెప్పింది. కానీ మామూలు వృద్ధాశ్రమం లేచి తిరిగేవాళ్లకు, తమ అన్నం తాము తినేవాళ్లకు సరిపోయే ఏర్పాటు. బాత్రూమ్ ఎటో మరిచిపోయేవాళ్లకు, గేటు తీసి బస్టాండు దారి పట్టేవాళ్లకు అది చాలదు. డిమెన్షియా వచ్చినవాళ్లలో పదిమందికి ఆరుగురు ఎప్పుడో ఒకప్పుడు ఇలా దారితప్పి వెళ్లిపోతారని అమెరికాలోని అల్జీమర్స్ అసోసియేషన్ అంచనా. అందుకే ఈ జబ్బు కోసమే నడిపే హోమ్ వెతకాలి. మన వైపు నుంచి అలాంటిది వెతికితే చూపు బెంగళూరు వైపు పోవడం సహజం. హైదరాబాద్ కంటే అదే దగ్గర, మెదడు, మానసిక జబ్బులకు వైద్యం చేసే నిమ్హాన్స్ ఉన్నదీ అక్కడే.

ఇక అసలు లెక్క. ‘మీ దగ్గర స్టాఫ్ ఎంతమంది?’ అని అడిగితే ‘24 మంది పెద్దవాళ్లకు 12 మంది ఉన్నారండి’ అన్నారనుకుందాం. వింటే ఇద్దరికి ఒకరు అనిపిస్తుంది. ఆ పన్నెండు మందిలో వంటమనిషి, ఊడ్చేమనిషి, మేనేజరు, డ్రైవరు పోతే పక్కనుండి చూసేవాళ్లు ఎనిమిది మంది. ఆ ఎనిమిదిని మూడున్నరతో భాగిస్తే ఏ సమయంలోనైనా డ్యూటీలో ఉండేది ఇద్దరు, మహా అయితే ముగ్గురు. అంటే ఒక్కొక్కరి చేతికింద పదిమంది దాకా. ‘మావి పన్నెండు గంటల డ్యూటీలు’ అన్నా ముగ్గురు నలుగురికి మించరు. పైగా డ్యూటీ పదకొండో గంటలో ఆ అటెండెంట్‌కు ఓపిక ఎంత మిగిలి ఉంటుందో మీరే ఊహించండి.

దీన్ని నిమిషాల్లోకి మార్చి చూడండి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా 180 నిమిషాలు. ఇద్దరు అటెండెంట్లు ఉంటే 360. 24 మందికి పంచితే మనిషికి 15 నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లోనే లేపడం, బాత్రూమ్‌కు తీసుకెళ్లడం, పళ్లు తోమించడం, స్నానం, బట్టలు, తల దువ్వడం, టిఫిన్. మన ఇంట్లో బడికి పోయే పిల్లాడిని తయారుచేయడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. అదే ఒకరికి ఐదుగురు చొప్పున ఉంటే మనిషికి 36 నిమిషాలు వస్తాయి. నా మటుకు పగటిపూట ఒకరికి ఐదారుగురు దాటితే ఆ హోమ్ గురించి ఇంకోసారి ఆలోచించమంటాను.

రాత్రి సంగతి విడిగా అడగాలి. ‘రాత్రి రెండు గంటలకు ఎంతమంది మెలకువగా ఉంటారు? పడుకుని, పిలిస్తే లేచేవాళ్లను లెక్కలో కలపకండి’ అని అడిగేయండి. మంచం పట్టినవాళ్లకు పుండ్లు పడకుండా సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పది నుంచి ఆరు దాకా ఒక్కొక్కరికి నాలుగుసార్లు. అలాంటివాళ్లు ముగ్గురుంటే పన్నెండుసార్లు, బాగా తిప్పాలంటే ఇద్దరు మనుషులు పట్టాలి. మధ్యలో లేచి తిరిగేవాళ్లు, తడిపేసుకునేవాళ్లు ఉండనే ఉంటారు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. తిప్పిన సమయాలు రాసే పుస్తకం ఉంటే చూపించమనండి. నెల రోజులవీ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో వరసగా నింపి ఉంటే అది ఎప్పుడు రాశారో మీకే తెలుస్తుంది.

హోమ్ చూడటానికి పొద్దున పదకొండుకు వెళ్లకండి. అప్పటికి స్నానాలై, బొట్లు పెట్టుకుని అందరూ కుర్చీల్లో ఉంటారు. సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్యలో వెళ్లండి. పొద్దువాలేసరికి ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి గాభరా పెరుగుతుంది. ‘ఇంటికి పోవాలి’ అని తలుపు దగ్గర నిలబడతారు, ఏడుస్తారు, తిడతారు. డాక్టర్లు దీన్ని సన్‌డౌనింగ్ అంటారు. ఆ సమయంలో అటెండెంట్ ఏం చేస్తుందన్నదే మీరు చూడాల్సింది. ‘ఇదే మీ ఇల్లు, కూర్చో’ అని గదమాయిస్తుందా, ‘పోదాంలే అవ్వా, కాఫీ తాగి పోదాం’ అని చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపిస్తుందా?

అక్కడ ఎవరూ గొడవ చేయకుండా, అందరూ మెడలు వాల్చి కూర్చుని ఉంటే మాత్రం మందుల సంగతి అడగండి. రిస్పెరిడోన్, ఓలాంజపిన్, క్వెటియాపిన్ లాంటివి తీవ్రమైన మానసిక జబ్బులకు వాడే మందులు. డిమెన్షియా ఉన్నవాళ్లు వీటిని వాడితే మరణాలు పెరుగుతున్నాయని 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. సుమారు పది వారాల పరీక్షల్లో ఈ మందు తీసుకున్నవాళ్లలో 4.5 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 2.6 శాతం చనిపోయారు. అంటే వందమందిలో అదనంగా ఇద్దరు. అలాగని ఎప్పుడూ వాడకూడదని కాదు. తనను తాను గాయపరుచుకునేంత ఉద్రేకం ఉంటే డాక్టరు రాయవచ్చు. ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎప్పుడు ఆపి చూస్తారు అన్న మూడింటికీ జవాబు ఉండాలి. మనుషులు తక్కువైన చోట ఆ లోటును మాత్రలతో పూడ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

తిండి దగ్గర కూడా ఇదే లెక్క వస్తుంది. చేత్తో తినిపించాల్సిన మనిషికి పూటకు అరగంట వేసుకోండి. అలాంటివాళ్లు ఆరుగురుంటే మూడు పూటలకు తొమ్మిది గంటలు, ఒక ఉద్యోగి పూర్తి డ్యూటీ కంటే ఎక్కువ. ఆ ఉద్యోగి లేకపోతే తొందర తొందరగా కుక్కుతారు, మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. భోజనం వేళ అక్కడే ఉండి చూడండి. తినిపించేవాళ్లు ఎదురుగా కూర్చున్నారా, నిలబడి పెడుతున్నారా? ముద్ద మింగేదాకా ఆగి రెండోది అందిస్తున్నారా? జీవితమంతా సంగటి, పప్పు, ఊరుబిండి తిన్న నోటికి రోజూ రవ్వ ఉప్మా పెడితే ముఖం తిప్పుకోవడం జబ్బు వల్ల కాకపోవచ్చు. నెలనెలా బరువు చూస్తున్నారో లేదో అడగండి. నెలలో 5 శాతం తగ్గితే డాక్టరు చూడాల్సిందే. 50 కిలోల మనిషికి అది రెండున్నర కిలోలు.

మాట కూడా పట్టించుకోవాలి. హిందూపురంలో తెలుగు, కన్నడం రెండూ నడుస్తాయి కాబట్టి బెంగళూరులో ఇబ్బంది లేదనుకుంటాం. కానీ ఈ జబ్బులో తర్వాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోవడం చాలామందిలో కనిపిస్తుంది. ధర్మవరంలో మగ్గం మీద బతికిన తాతకు తెలుగే మిగలవచ్చు, పెనుకొండ అవ్వకు ఉర్దూయే మిగలవచ్చు. పైగా బెంగళూరులో అటెండెంట్లు ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చి ఉంటారు. ‘కడుపు నొస్తాంది’ అంటే అర్థమయ్యే మనిషి ప్రతి డ్యూటీలో ఒకరైనా ఉండాలి. నొప్పి చెప్పుకోలేక అరిస్తే దాన్ని ఉద్రేకం కింద రాసేస్తారు.

కట్టేస్తారేమో అన్న భయం చాలామందికి ఉంటుంది, అడగడానికి మొహమాటపడతారు. అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యానికి ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడం కూడా ఉంది. అలాంటివాళ్లను చేర్చుకుని సంరక్షించే సంస్థ రిజిస్టర్ అయి ఉండాలి. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. వేరే రకంగా కదలకుండా ఆపడం కూడా అప్పటికప్పుడు జరగబోయే హాని తప్పించడానికి ఇంకో దారి లేనప్పుడే, అదీ సైకియాట్రిస్టు అనుమతితోనే. రిజిస్ట్రేషన్ కాగితం చూపించమంటే విసుక్కునే చోట ఇక గదులు చూడక్కర్లేదు.

డబ్బు. అన్ని చోట్లా ఒకే ఫీజు ఉండదు కాబట్టి ఉదాహరణకు నెలకు 30,000 అనుకుందాం. 65 దాటాక అల్జీమర్స్ బయటపడినవాళ్లు సగటున నాలుగు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతారు, కొందరు ఇరవై ఏళ్లూ ఉంటారు. ఐదేళ్లకు 18 లక్షలు అని లెక్కేసుకుంటాం. ఏటా 10 శాతం పెంచుతామని ఒప్పందంలో ఉంటే అదే 22 లక్షలవుతుంది. డైపర్లు విడిగా అంటే, ఒక్కోటి 40 రూపాయలు, రోజుకు నాలుగు చొప్పున నెలకు 4,800. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000. రోజుకు వెయ్యి పడే హోమ్‌లో అది నాలుగు రోజులకు సరి. 70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ భారత్ ఇచ్చే 5 లక్షలు ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే, హోమ్ ఫీజుకు రాదు. అందుకే చేర్చే ముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని ఎవరెంత అన్నది కాగితం మీద పెట్టుకోవడం మంచిది.

ఎంత దూరంలో చేర్చాలి? హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల పైచిలుకు, ధర్మవరం నుంచి రెండొందలకు దగ్గర. హిందూపురంవాళ్లు పొద్దున రైలెక్కి యలహంకలో దిగి, చూసి, రాత్రికి ఇల్లు చేరొచ్చు. వారానికోసారి వెళ్తే ఏడాదికి 52 సార్లు, నెలకోసారైతే 12 సార్లు. కొంచెం చిన్నదైనా, మీరు చెప్పకుండా వెళ్లగలిగేంత దగ్గర్లో ఉన్న హోమ్‌కే నా ఓటు. ‘ముందు ఫోన్ చేసి, ఆదివారం మాత్రమే రండి’ అనే నియమం ఉంటే కారణం అడగండి.

ఒప్పందంలో మూడు విషయాలు వెతకండి. నెల రోజులు ఉంచి చూశాక కుదరకపోతే అడ్వాన్స్‌లో ఎంత తిరిగిస్తారు? రాత్రి జ్వరమో పడిపోవడమో జరిగితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, మీకు ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు? జబ్బు ముదిరి మంచం పడితే ఉంచుకుంటారా, తీసుకుపొమ్మంటారా? మూడోది నోటిమాటగా వదిలేయకండి. మార్చాల్సి వచ్చేది సరిగ్గా ఆ మనిషి మార్పును తట్టుకోలేని సమయంలోనే.

హోమ్ గురించి, వృద్ధుల హక్కుల గురించి అడగాలంటే ఎల్డర్‌లైన్ 14567కు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. చూసుకునేవాళ్లకే మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416 ఉంది. అది ఏ వేళకైనా పలుకుతుంది.