గూడు చెదిరిన వారికి మన చేయూత



తుపాను వచ్చిందంటే వారం రోజులు ఎక్కడ విన్నా అదే మాట. జోలె పట్టుకుని వీధిలోకి వస్తారు. మనమూ పెట్టె తెరిచి పాత చీరలు తీసి ఇస్తాం. మరి ఆ తర్వాతో? ఇల్లు పోయినవాళ్ళ అసలు కష్టం అప్పుడే మొదలవుతుందండీ.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. దాదాపు 10,000 మంది పోయారని ప్రభుత్వ లెక్క. బతికి బయటపడ్డ ఇల్లాలికి మాత్రం ఏం మిగిలింది? గుడిసె లేదు, గిన్నె లేదు, పాడిగేదె లేదు. బావిలో ఉప్పునీరు, పొలంలో ఉప్పు మేట. ఒక్క పాత చీరతో ఇవన్నీ తిరిగి వస్తాయా?

అందుకని సాయం విడతలుగా సాగాలి. మొదట కావలసింది మంచినీరు. మురికినీటిని కాచి తాగవచ్చు గాని, కాచినంత మాత్రాన ఉప్పు పోదు. ఉప్పు చేరిన ఊరికి నీళ్ళు బయటినుంచి తేవలసిందే. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన మంచినీటిలో 6 టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా పట్టాలి. బట్టలు పంపేటప్పుడు చీరతోపాటు లంగా, జాకెట్టు, బహిష్టు రోజులకు శుభ్రమైన గుడ్డలు కూడా పెట్టండి. ఆడవాళ్ళు నోరు తెరిచి అడగలేనివి ఇవే.

తర్వాత కాగితాలు. రేషను కార్డు, పొలం పట్టా, బ్యాంకు పుస్తకం నీళ్ళపాలైతే, పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి. శవం దొరకని భర్త పోయాడని రుజువు చేయడం మరీ కష్టం. చదువుకున్న మనలో ఒకరు పక్కన కూర్చుని అర్జీ రాసిపెడితే అది పదిమందికి అన్నం పెట్టినంత సాయం. కొత్త ఇంటి పట్టాలో భార్య పేరు కూడా ఉండేట్టు చూడండి.

ఇక ఇల్లూ, బతుకుతెరువూ. కట్టేముందు పొయ్యి ఎక్కడ ఉండాలో, పశువును ఎక్కడ కట్టేస్తారో ఆ ఇల్లాలినే అడగాలి. అడక్కుండా కట్టిన ఇల్లు సామాన్ల కొట్టుగా మిగిలిపోతుంది. బెస్తవారికి వల, రైతుకు విత్తనాలు, ఒంటరి స్త్రీకి చేతిపని దొరికితేనే వాళ్ళు మళ్ళీ నిలదొక్కుకున్నట్టు. తల్లిదండ్రులు పోయిన పిల్లల్ని తొందరపడి దూరం పంపకుండా ముందు మేనమామనో పిన్నినో వెతకండి. దుఃఖంలో ఉన్నవాళ్ళను "ఏడవకమ్మా" అని ఆపకండి. చెప్పేది వినండి, చాలు.

ఇంకొక్క మాట. 1990 మే నెలలో అంతటి తుపానే మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ముందే హెచ్చరించి, లక్షకు పైగా జనాన్ని తరలించడంతో మరణాలు వెయ్యిలోపే ఆగాయి. కాబట్టి తుపాను షెల్టరు ఎక్కడుందో, తాళంచెవి ఎవరి దగ్గరుందో గాలి లేవకముందే కనుక్కుని ఉంచుకోవడం కూడా సాయమే.