దెయ్యం పోస్టర్‌ను తూకానికి అమ్మేయకండి.. అసలుదో కాదో ముందు చూసుకోండి

హైదరాబాద్: గురువారం పొద్దున జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల గుట్టల మధ్య ఏం దొరుకుతుందో ముందుగా చెప్పలేం. తుప్పు పట్టిన కుట్టు మిషన్, ఆగిపోయిన గోడ గడియారం, కాలు విరిగిన కుర్చీ, వాటి కింద ఎక్కడో సుతిలి తాడుతో కట్టిన కాగితాల చుట్ట. విప్పి చూస్తే ఎర్ర కళ్లు, పొడుగు గోళ్లు, వెనకాల పాడుబడ్డ హవేలీ. పైన హిందీ, ఇంగ్లిష్, ఉర్దూ మూడు లిపుల్లో సినిమా పేరు. ఎవరి ఇంటి అటక మీద నుంచో కబాడీ వాలా తూకానికి తెచ్చిన సరుకు అది.

అమ్మినవాళ్లకు అది చిత్తు కాగితం. కానీ ఇలాంటి పాత హారర్ సినిమా పోస్టర్లను వెతికి కొని దాచుకునేవాళ్లు దేశంలోనూ, బయటా ఉన్నారు. పాతబస్తీలో థియేటర్లలో, ప్రెస్సుల్లో పనిచేసిన పెద్దవాళ్లు ఉన్న ఇళ్లు చాలానే. కాబట్టి ఈ సంగతి తెలుసుకోవడం అవసరం. తెలియకపోతే నష్టం రెండు రకాలుగా వస్తుంది. అసలు పోస్టర్‌ను కిలోల లెక్కన అమ్మేసేవాళ్లు కొందరు, నిన్న మొన్న ప్రింటు తీసిన కాపీని అసలుదని వేలు పోసి కొనేవాళ్లు ఇంకొందరు.

కాగితానికి అంత ధర ఎందుకు?

పోస్టర్ అనేది దాచుకోవడానికి తయారు చేసింది కాదు. గోడకు అతికించి, వారం రెండు వారాలు ఆడాక దాని మీదే ఇంకోటి అతికించడానికి తయారు చేసింది. మైదా జిగురుతో అతికిస్తారు కాబట్టి అందినంత మేర మేకలు కూడా తినేసేవి. మిగిలింది వానకు పోయేది. అంటే గోడ ఎక్కిన పోస్టర్లు మన దాకా రావడం చాలా అరుదు. ఇవాళ దొరుకుతున్నవి ఎక్కువగా గోడ ఎక్కకుండా మిగిలిపోయినవే. డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో మూలన పడ్డవి, థియేటర్ ఆపరేటర్ ఇంటికి తీసుకెళ్లినవి, ప్రెస్సులో మిగిలిన షీట్లు.

అమెరికాలోనూ ఇదే కథ. యూనివర్సల్ కంపెనీ 1931లో తీసిన ‘డ్రాక్యులా’ పోస్టర్ ఒకటి 2017 నవంబర్‌లో హెరిటేజ్ ఆక్షన్స్ వేలంలో 5,25,800 డాలర్లకు అమ్ముడైంది. అప్పటి మారకం లెక్కన మూడు కోట్ల 40 లక్షల రూపాయలు. అంతకు 20 ఏళ్ల ముందే, 1997లో, ‘ది మమ్మీ’ (1932) పోస్టర్ సోథెబీస్ వేలంలో 4,53,500 డాలర్లు పలికింది. సినిమా అందరికీ తెలుసు, పోస్టర్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అసలు కారణం అదే. మెటాలికా బ్యాండ్ గిటారిస్ట్ కిర్క్ హామెట్ తన హారర్ పోస్టర్లతో 2017లో మసాచుసెట్స్ రాష్ట్రం సేలంలోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియంలో పెద్ద ప్రదర్శనే పెట్టారు.

ఈ అంకెలు చూసి మన చుట్టలోని పోస్టర్‌కు కూడా కోట్లు వస్తాయనుకుంటే పొరపాటు. ఆ సంగతి తర్వాత.

మన దెయ్యాలు

హిందీలో దెయ్యం కథకు దారి వేసింది 1949లో వచ్చిన ‘మహల్’. ఉర్దూ రచయిత కమాల్ అమ్రోహీకి దర్శకుడిగా అదే తొలి సినిమా. అశోక్ కుమార్, మధుబాల నటించారు. తర్వాత ‘బీస్ సాల్ బాద్’ (1962), ‘వో కౌన్ థీ’ (1964) వచ్చాయి. వీటిలో భయం ఉంది గానీ రాక్షసుడు లేడు.

రాక్షసుడిని తెచ్చింది రామ్సే సోదరులు. వాళ్ల నాన్న ఫతేచంద్ రామ్‌సింఘానీకి కరాచీలో రేడియో షాపు ఉండేది. ఇంగ్లిష్ గిరాకీలకు ఆ ఇంటిపేరు పలకడం రాక ‘రామ్సే’ అన్నారు, అదే స్థిరపడింది. దేశ విభజన తర్వాత కుటుంబం బొంబాయి వచ్చింది. 1970లో తీసిన ‘ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ’ ఆడలేదు. కానీ అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన మాస్కు వేసుకుని దొంగతనానికి వచ్చే సీను కోసమే జనం థియేటర్‌కు వస్తున్నారని కొడుకులు గమనించారు. ఆ ఒక్క సీనే వ్యాపారం అయింది. 1972లో ‘దో గజ్ జమీన్ కే నీచే’ చిన్న బడ్జెట్‌లో తీసి హిట్ కొట్టారు. 1984లో ‘పురానా మందిర్’ వచ్చింది. సామ్రీ వేషం వేసిన అనిరుధ్ అగర్వాల్ ముఖం ఆ తరం పిల్లలకు ఇప్పటికీ గుర్తే. ‘తహ్‌ఖానా’ (1986), ‘వీరానా’ (1988), ‘పురానీ హవేలీ’ (1989), ‘బంద్ దర్వాజా’ (1990).. పేర్లు చూడండి, అన్నీ ఉర్దూ ఇంట్లో మాట్లాడే మాటలే. పెద్ద స్టార్లు లేని ఈ సినిమాలకు జనాన్ని రప్పించింది పోస్టరే. అందుకే దాని మీద రంగు, రక్తం, గోళ్లు అన్నీ ఒక మోతాదు ఎక్కువే ఉండేవి.

లాహోర్‌లో 1967లో ఖ్వాజా సర్ఫరాజ్ తీసిన ‘జిందా లాష్’ కూడా ఈ వరసలోదే. అది డ్రాక్యులా కథకు ఉర్దూ రూపం. ఈ సినిమాలను, రామ్సేల సినిమాలను 2000 తర్వాత మోండో మకాబ్రో అనే విదేశీ సంస్థ డీవీడీలుగా తెచ్చింది. 2017లో రామ్సేల మీద షామ్యా దాస్‌గుప్తా రాసిన పుస్తకం వచ్చింది. అప్పటిదాకా ‘బి గ్రేడ్’ అని పక్కన పెట్టిన సినిమాలకు కొత్త అభిమానులు పుట్టారు. పోస్టర్లకు గిరాకీ దాంతోపాటే పెరిగింది.

తెలుగువాళ్లకు వేరే దెయ్యాలున్నాయి. బి.విఠలాచార్య ‘జగన్మోహిని’ (1978) పోస్టర్ గోడ మీద చూసి కళ్లు మూసుకుని బడికి వెళ్లిన పిల్లలు ఇప్పుడు తాతలు, నానమ్మలు. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) నాటికి అంతా ఫోటో పోస్టర్లే. చేత్తో వేసిన బొమ్మల కాలం వెళ్లిపోతోంది.

ఉర్దూ చదివే కుటుంబాలకు ఈ పోస్టర్లలో మరో ఆసక్తి ఉంది. ఒకప్పుడు చాలా హిందీ సినిమా పోస్టర్ల మీద పేరు ఉర్దూలో కూడా రాసేవారు. అది కంప్యూటర్ ఫాంటు కాదు, కాతిబ్ చేత్తో రాసింది. నస్తాలీఖ్ అక్షరాల వంపు చెడకుండా రక్తం చుక్కలు కారుతున్నట్టు రాయడం మామూలు పనేం కాదు. పెళ్లి కార్డుల ప్రెస్సులకు పేరున్న ఛత్తా బజార్‌లో కాతిబ్‌ల చేతిరాత విలువ తెలిసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కంప్యూటర్లు వచ్చాక ఆ పని తగ్గింది, పోస్టర్ల మీద ఉర్దూ కూడా తగ్గుతూ వచ్చింది. పాత పోస్టర్ చింపితే పోయేది సామ్రీ ముఖం ఒక్కటే కాదు, పేరు కూడా వేసుకోని ఒక కాతిబ్ పని కూడా పోతుంది.

అసలుదా, కాపీనా?

‘ఒరిజినల్’ అంటే సినిమా విడుదలైనప్పుడు ప్రచారం కోసం అచ్చు వేసింది. హిట్ సినిమాలను ఏళ్ల తర్వాత మళ్లీ విడుదల చేసేవారు, అప్పుడు కొత్తగా పోస్టర్లు వేసేవారు. పాత హిందీ సినిమాలకు పేరుపడ్డ యాఖుత్‌పురా యాఖుత్ మహల్ లాంటి థియేటర్లకు అలాంటివి కావాలి కదా. రీ-రిలీజ్ పోస్టర్ నకిలీ కాదు, కానీ మొదటిదాని ధర దానికి రాదు. మూడో రకం, ఈమధ్య డిజిటల్ మిషన్ మీద తీసిన కాపీ. ఇంట్లో గోడకు అందంగా ఉంటుంది, అంతవరకే. దాన్ని కాపీ అని చెప్పి అమ్మితే తప్పు లేదు. అసలుదని చెబితేనే మోసం.

ముందు కొలవండి. మన దేశంలో మామూలు సినిమా పోస్టర్ దాదాపు 30 అంగుళాల వెడల్పు, 40 అంగుళాల పొడవు ఉంటుంది. అమెరికా పాత పోస్టర్ 27, 41. అచ్చు ఎ3, ఎ2 సైజు కాగితం మీద ఉంటే అది కాపీ అనుకోవచ్చు.

తర్వాత భూతద్దం. దెయ్యం పోస్టర్‌కు భూతద్దం అంటే నవ్వొస్తుంది గానీ, ఇదే గట్టి పరీక్ష. బాగా పాత లితో పోస్టర్‌లో రంగు పెన్సిల్ గీసినట్టు, గరుకుగా పరుచుకుని ఉంటుంది. ఆఫ్‌సెట్‌లో అచ్చయినదైతే చిన్న రంగు చుక్కలు వరస తప్పకుండా, పూల రేకుల్లా గుండ్రంగా అమరి కనిపిస్తాయి. రామ్సేల కాలం పోస్టర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇంక్‌జెట్ కాపీలో వరస ఉండదు, రంగు తుంపర చల్లినట్టు ఉంటుంది. ఇంకో గుర్తు ఉంది. పాత పోస్టర్‌ను ఫోటో తీసి కాపీ వేస్తే అసలుదాని మడత గీతలు కూడా కాపీలో అచ్చవుతాయి. వేలితో తడిమితే అక్కడ కాగితం నున్నగా ఉంటుంది. కంటికి మడత కనిపిస్తూ వేలికి తగలకపోతే వదిలేయండి.

మడతలు నిజమైనవే అయితే కంగారు పడక్కర్లేదు. పోస్టర్లు ఊళ్లకు మడతపెట్టే పంపేవారు. అది అప్పటి పద్ధతి.

అడుగున చిన్న అక్షరాలు చదవండి. ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి. దక్షిణాదిలో ఈ పనికి శివకాశి పేరు మోసిన ఊరు. అడ్రస్‌లో ఆరు అంకెల పిన్ కోడ్ ఉంటే ఆ పోస్టర్ 1972 ఆగస్టు 15కు ముందుది కాదు, ఆ రోజే పిన్ కోడ్ మొదలైంది. సినిమా 1984ది అయి అడ్రస్‌లో ఇంగ్లిష్‌లో ‘ముంబై’ అని ఉంటే ఆలోచించండి. ఊరి పేరు మారింది 1995లో. ‘యు/ఎ’ సర్టిఫికెట్ వచ్చింది 1983లో. ‘మహల్’ పోస్టర్ మీద అది కనిపిస్తే అది తొలి విడుదలది కాదని అర్థం.

1950కి ముందుదని చెప్పే పోస్టర్‌కు ఇంకో పరీక్ష ఉంది. బట్టల షాపుల్లో దొంగ నోట్లు పట్టుకునే నీలం లైటు ఉంటుంది కదా, దాని కింద పెట్టండి. కాగితం మెరిసే నీలం తెలుపులో వెలిగితే అనుమానించాలి. కాగితానికి ఆ తెల్లదనం ఇచ్చే రసాయనాలు వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే. 1980ల పోస్టర్లకు ఈ పరీక్ష పనికిరాదు.

ఇన్ని జాగ్రత్తలూ అతి అనుకోవద్దు. అమెరికాలో ఆరితేరిన కలెక్టర్లే పాత కాగితం మీద అచ్చు వేసిన నకిలీ యూనివర్సల్ హారర్ పోస్టర్లు కొని మోసపోయారు. 2009లో అది బయటపడింది, కేసు కోర్టు దాకా వెళ్లింది.

ధర ఎవరు చెబుతారు?

బంగారానికి రోజూ పొద్దున్నే రేటు వస్తుంది. పోస్టర్‌కు అలాంటి రేటు లేదు. కొనేవాళ్లు తక్కువ, అందులో ఆ సినిమానే కావాలనేవాళ్లు ఇంకా తక్కువ. ఒకే సినిమా పోస్టర్లు గోడౌన్‌లో కట్టలు కట్టలుగా బయటపడితే ధర ఆ రోజే పడిపోతుంది. కాబట్టి పిల్లల చదువుకో, పెళ్లికో దాచిన డబ్బు ఇందులో పెట్టడం తెలివైన పని కాదు. ఇష్టం ఉండి, పోయినా పర్వాలేదనుకునే సొమ్ముతో చేసే పని ఇది. మొదలుపెట్టేవాళ్లకు పాటల పుస్తకాలు, థియేటర్ అద్దాల బోర్డులో పెట్టే ఫోటో కార్డులు చవకగా దొరుకుతాయి. చూపు వాటితోనే అలవాటవుతుంది.

అమ్మేవాళ్లు మాత్రం తొందరపడొద్దు. రెండు వైపులా ఫోటో తీసి, ఒకరి కంటే ఎక్కువ మందిని అడగాలి. ఆన్‌లైన్‌లో ‘పెట్టిన ధర’ చూసి మురిసిపోవద్దు, ‘అమ్ముడైన ధర’ వెతకాలి. చట్టం వైపు నుంచి పెద్ద ఇబ్బంది లేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం సాధారణంగా వందేళ్లు దాటిన వాటికే వర్తిస్తుంది, మన హారర్ పోస్టర్లకు ఇంకా అంత వయసు లేదు. అయితే పోస్టర్ చేతిలో ఉన్నంత మాత్రాన దాన్ని టీషర్టుల మీద ప్రింటు వేసి అమ్మే హక్కు మాత్రం రాదు.

ఇంట్లో ఎలా పెట్టాలి?

సెల్లో టేపు వేయొద్దు. కొన్నేళ్లకు అది పసుపు మచ్చై కాగితంలోకి ఇంకిపోతుంది. లామినేషన్ అసలే వద్దు, చేయిస్తే ఆ పోస్టర్ విలువ అక్కడితో పోయినట్టే. ఫ్రేము షాపులో అట్టకు అతికించమని ఇవ్వొద్దు. చుట్టలా ఉన్నదాన్ని ఒక్కసారిగా గట్టిగా విప్పితే పెళుసు కాగితం చీలుతుంది. నెమ్మదిగా పరిచి, పైన శుభ్రమైన కాగితం వేసి, వెడల్పాటి ఫోల్డర్‌లో పెట్టాలి. అటక మీద వద్దు, మే నెల వేడి, ఆగస్టు చెమ్మ, చెదలు మూడూ అక్కడే ఉంటాయి. మంచం కింద ట్రంకు పెట్టె నయం. వానలు తగ్గాక ఒకసారి నీడలో తీసి చూసుకోవాలి.

బొమ్మలు గోడకు తగిలించకూడదనే పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. నమాజు చదివే గదిలో సామ్రీ ముఖం ఎవరు పెట్టుకుంటారు? ఈ విషయం ఎవరికి వారు తమ ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవచ్చు. కాగితానికైతే గోడ ఎలాగూ మంచిది కాదు. ఎండ, ట్యూబ్‌లైట్ వెలుతురుకు ముందు వెలిసిపోయేది ఎరుపే, ఈ పోస్టర్లలో సగం ఎరుపే ఉంటుంది.

ఉంచుకోవడం కుదరదు, అమ్మాలనీ లేదు అనుకునే కుటుంబాలకు ఇంకో దారి ఉంది. పుణెలో 1964లో ఏర్పడిన నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ రీళ్లతోపాటు పోస్టర్లు, పాటల పుస్తకాలు, ఫోటోలు కూడా భద్రపరుస్తోంది. ఇచ్చే ముందు వెనక వైపు పెన్సిల్‌తో చిన్నగా రాసిపెట్టండి: ఈ పోస్టర్ ఏ థియేటర్ నుంచి వచ్చింది, ఇంట్లో ఎవరు తెచ్చారు, ఏ సంవత్సరంలో. పెన్నుతో మాత్రం రాయొద్దు, సిరా ముందు వైపుకు దిగుతుంది.