గోధుమ పడని ఇంట్లో వంట

మనం అన్నం తినేవాళ్లం, గోధుమ మానెయ్యడం ఏమంత కష్టం అనుకుంటాం. ఇంట్లో సీలియాక్ జబ్బున్న పిల్ల ఉన్న ఇల్లాలిని అడగండి, చెబుతుంది!

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే జిగురు మాంసకృత్తు ఉంటుంది. ఈ జబ్బున్నవాళ్లు అది తింటే, ఒంట్లోని రక్షణశక్తే ఎదురుతిరిగి చిన్నప్రేగు లోపలి పొరను పాడుచేస్తుంది. తిన్నది వంటబట్టదు. విరేచనాలు, రక్తహీనత, పిల్లలైతే ఎదుగుదల ఉండదు. దీనికి గోధుమే కారణమని హాలెండు వైద్యుడు విల్లెమ్ డికె 1950లో తన సిద్ధాంత గ్రంథంలో చూపాడు. నేటికీ చికిత్స పథ్యమే, అదీ జీవితాంతం.

చపాతీ మానడం తేలికే. బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా కూడా గోధుమేనాయె! అంతెందుకు, బజారు ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు. అంటే చారు, పులిహోర కూడా అనుమానమే. డబ్బా మీద చదివి, బియ్యప్పిండి కలిపినది తెచ్చుకోవాలి. పూరీలు వేగిన నూనెలో గారెలు వెయ్యకూడదు. జొన్నలు, రాగులు మంచివే గాని, గోధుమలు ఆడిన మరలో పట్టించకండి.

అసలు కష్టం పొరుగింట్లో. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేదే. పిల్ల కళ్లకద్దుకుని పక్కన పెడితే, "దేవుడి ప్రసాదం, కాస్త తింటే ఏమవుతుందే?" అంటారు పెద్దవాళ్లు. ఆ కాస్తా చాలు, ప్రేగు చెడడానికి. వ్రతానికి పిలిచేవారు ఆ పిల్లకు ఓ అరటిపండు ఇస్తే ఏం పోయింది?

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. అనుమానం రాగానే గోధుమ మాన్పించకండి. తింటూ ఉండగా రక్తపరీక్ష చేయిస్తేనే జబ్బు సరిగా బయటపడుతుంది.