వాల్‌పేపర్ వానాకాలంలో ఎందుకు ఊడుతుంది?

హైదరాబాద్‌లోని మాణికేశ్వర్ నగర్‌లో ఒక్క గది ఇల్లయినా, ఒక గోడకు పూల వాల్‌పేపర్ అంటిస్తే చాలు, గది కళే మారిపోతుంది. రంగు వాసన ఉండదు, పూటలో పని అయిపోతుంది.

పూర్వం ఐరోపా ధనవంతులు గోడలకు నేసిన తెరలు వేలాడదీసేవారు. అంత స్తోమత లేనివాళ్లు చెక్క అచ్చులతో బొమ్మలద్దిన కాగితం అంటించుకున్నారు. ఇంగ్లండ్‌లో 1712లో దానిమీద పన్ను కూడా వేశారు, 1836లో ఎత్తేశారు. తర్వాత యంత్రాలు చుట్టలు చుట్టలుగా అచ్చువేయడంతో ధర దిగింది.

మరి మన దగ్గర వానలు పడగానే అంచులు ఎందుకు లేస్తాయి? ఇటుకలో, సిమెంటు పూతలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాన నీరు వాటిగుండా లోపలికి పాకుతుంది. ఇప్పటి వాల్‌పేపర్ చాలావరకు ప్లాస్టిక్ పూత ఉన్నదే కాబట్టి చెమ్మ బయటికి పోలేదు. జిగురు పట్టు వదులుతుంది, వెనక నల్లగా బూజు పడుతుంది. పెచ్చులూడే సున్నం మీద అంటిస్తే మరీ కష్టం: జిగురు సున్నాన్ని పట్టుకుంటుంది, సున్నం గోడను వదిలేస్తుంది.

అంటించే ముందు ఒక పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి ఒకరోజు గోడకు ఉంచండి. లోపలివైపు నీటిచుక్కలు కనిపిస్తే, ముందు చెమ్మ సంగతి చూడమని అమ్మానాన్నలకు చెప్పండి.