కాలి సిరలు అందరిలో ఒకేలా ఉండవు

పిక్కల మీద నీలిరంగులో మెలికలు తిరిగి ఉబ్బిన 'నరాలను' మన ఇళ్లలో చాలామంది చూసీ చూడనట్లు వదిలేస్తుంటారు. కాలు చూపించుకోవడానికి బిడియపడి స్త్రీలు వైద్యం మరీ ఆలస్యం చేస్తారు. చీలమండ దగ్గర పుండు పడ్డాక గానీ విషయం ఇంటిల్లిపాదికీ తెలియదు.

నిజానికి ఇవి నరాలు కావు, సిరలు. రక్తాన్ని కాళ్ల నుంచి గుండెకు చేర్చే ఈ సిరల్లో, అది వెనక్కి జారకుండా కవాటాలుంటాయి. అవి బలహీనపడితే రక్తం కిందికి దిగి నిలిచిపోతుంది, సిర ఉబ్బుతుంది. వంశపారంపర్యం, గర్భధారణ, అధిక బరువు, గంటల తరబడి నిలబడి పనిచేయడం ఇందుకు దోహదం చేస్తాయి.

ఈ శస్త్రచికిత్స కొత్తదేమీ కాదు. అందలూసియా వైద్యుడు అబుల్ ఖాసిం అజ్జహ్రావీ (936-1013) తన 30 భాగాల 'అత్తస్రీఫ్' చివరి భాగంలో, ఉబ్బిన కాలి సిరలను కోసి తీసే పద్ధతిని వివరించారు.

చర్మం కింద ప్రధాన సిరలు రెండు. పెద్ద సఫీనస్ సిర లోపలి చీలమండ ముందు నుంచి గజ్జ దాకా వెళ్లి లోతు సిరలో కలుస్తుంది. చిన్నది పిక్క వెనుకగా సాగి, సాధారణంగా మోకాలి వెనుక లోతు సిరలో కలుస్తుంది. అయితే కొందరిలో అది ఇంకా పైకి, తొడ దాకా వెళుతుంది. మరికొందరిలో జియాకోమిని సిర ద్వారా పెద్ద సిరతో కలుస్తుంది. గజ్జ దగ్గర చేరే ఉపసిరల సంఖ్య కూడా మనిషికీ మనిషికీ మారుతుంది. ఒకే మనిషి రెండు కాళ్లలోనూ తేడా ఉండవచ్చు.

ఈ తేడాను ముందుగా గుర్తించకపోతే, చెడిన సిర మిగిలిపోయి వ్యాధి తిరగబెట్టవచ్చు. సిరల వెంటే స్పర్శనాడులు సాగుతాయి గనుక, వాటికి దెబ్బ తగిలితే కాలు తిమ్మిరెక్కుతుంది. లోతు సిరలు గడ్డకట్టిన రక్తంతో మూసుకుపోయి ఉంటే, పైసిరే ఆ భారాన్ని మోస్తూ ఉండవచ్చు. దాన్ని తీసేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

అందుకే చికిత్సకు ముందు డాప్లర్ స్కాన్ తప్పనిసరి. సిరల్లో రక్తం వెనక్కి జారుతోందా అన్నది రోగిని నిలబెట్టి చూస్తారు. నేడు లేజర్, రేడియో తరంగాలతో సిరను లోపలి నుంచే మూసివేసే పద్ధతులూ ఉన్నాయి. ఏది తగునో ఆ స్కానే చెబుతుంది. "నా కాలిలో ఏ సిర చెడింది? లోతు సిరలు బాగున్నాయా?" అని వైద్యుణ్ణి నిస్సంకోచంగా అడగాలి.

ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పిపెడితే, ఊపిరాడకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే పడుకుని, కాలు ఎత్తి, గుడ్డతో గట్టిగా అదిమిపట్టాలి.

వైద్యం కోసం అవసరమైన మేరకు కాలు చూపడంలో దోషం లేదు. మహిళా వైద్యురాలిని, మహిళా సిబ్బందిని కోరవచ్చు. తల్లి, భార్య, అత్త నోరు తెరిచి చెప్పేదాకా ఆగకుండా వారిని వైద్యుని వద్దకు తీసుకెళ్లడం మన బాధ్యత.