‘బ్యాడ్జర్’ అను ఆంగ్లక్రియ: నామధాతు విచారము

ఆంగ్లభాషయందు ‘బ్యాడ్జర్’ అనునది యొక మృగమునకు పేరు. అదియే క్రియగా ప్రయుక్తమైనపుడు ఒకనిని ప్రశ్నలతోనో యాచనలతోనో విడువక వేధించుట యని యర్థము. తెలుగువాడుకలోని ‘ప్రాణము తోడుట’ దీనికి మిక్కిలి దగ్గరది.

ఈ క్రియ విన్నంతనే ఆ మృగమునకు పరపీడనము స్వభావమని తోచును. అది పొరపాటు. బ్యాడ్జర్ పొట్టికాళ్లతో, తెల్లని ముఖముపై నల్లని చారలతో నుండు నిశాచరము. బొరియలు త్రవ్వుకొని, వానపాములు మొదలగువానిని తిని, మనుష్యుని కంటబడక బ్రతుకును. ఇంగ్లండునందు పూర్వము దీనిని ‘బ్రాక్’ అనెడివారు. అది కెల్టిక్ భాషలనుండి వచ్చిన పదము. 16వ శతాబ్దినుండి ‘బ్యాడ్జర్’ అను పేరు కనబడుచున్నది. నొసటి తెల్లని గుర్తునుబట్టి, చిహ్నవాచియగు ‘బ్యాడ్జ్’ శబ్దమునుండి, ఇది కలిగెనని పెక్కుర మతము. ధాన్యము కొని యమ్ము తిరుగువర్తకునికిని ఆ కాలమున ఇదే పేరుండుటచే, మృగనామమును దానినుండి సాధింపజూచినవారు కలరు. ధాన్యము కూడబెట్టని జంతువునకు ఆ వ్యుత్పత్తి పొసగదు.

క్రియకు మూలము ఒక క్రూరవినోదము. పట్టితెచ్చిన బ్యాడ్జరును పెట్టెలోనో పీపాలోనో ఉంచి, దానిని బయటికి లాగుటకై కుక్కలను ఉసికొల్పెడివారు. లాగిన పిమ్మట మరల లోనికి త్రోసి, మరల కుక్కలను వదలి, పందెములు కాచెడివారు. 1835లో బ్రిటిష్ పార్లమెంటు దీనిని నిషేధించెను. క్రియాప్రయోగము అంతకుముందే, 18వ శతాబ్ది చివర, పొడసూపినది. కావున బ్యాడ్జర్ వేధించునది కాదు, వేధింపబడునది.

ఇచట పాణినీయుల విభాగము చక్కగా నుపకరించును. అష్టాధ్యాయి తృతీయాధ్యాయ ప్రథమపాదమున ఆచారార్థమందు రెండు ప్రత్యయములు విహితములు. ఉపమానము కర్మయైనచో క్యచ్: శిష్యుని పుత్రునివలె చూచుచో ‘పుత్రీయతి’. ఉపమానము కర్తయైనచో క్యఙ్: కాకి డేగవలె ప్రవర్తించుచో ‘శ్యేనాయతే’. కోతివలె అనుకరించుట యను ‘ఏప్’, చిలుకవలె వల్లించుట యను ‘ప్యారట్’ అను ఆంగ్లక్రియలు క్యఙ్‌జాతివి. ‘బ్యాడ్జర్’ మాత్రము క్యచ్‌జాతిది: బ్యాడ్జరుపట్ల ఎట్లు ప్రవర్తింతురో ఒకనిపట్ల అట్లు ప్రవర్తించుట. ఆంగ్లమున ప్రత్యయము వినబడదు. సర్వాపహారలోపము గల క్విప్పుచే ‘అశ్వతి’ యైనట్లు ప్రాతిపదికయే ధాతు వగును. అయినను సంస్కృతమున ఈ క్విప్పు కర్త ఉపమానమైనపుడే వచ్చును గాన అర్థసందేహము లేదు. ఆంగ్లమున రెండర్థములకు నొకటే రూప మగుటచే పైని చెప్పిన భ్రాంతి కలుగుచున్నది.

మృగనామముతో రూపసామ్యమున్న ప్రతిక్రియయు నామధాతు వని తలపరాదు. బెదరించి లొంగదీయుట యను ‘కౌ’ క్రియకు గోవుతో సంబంధము లేదు. అది పీడించుట యను నర్థము గల ప్రాచీన నార్స్ భాషలోని ‘కూగ’ ధాతువునుండి వచ్చినదని నైరుక్తికులు చెప్పుదురు.